తుపాకీ లేని ఇంట్లో లైసెన్సు పుస్తకం

తొంభైల్లో మేము దోహాలో ఉన్న ఎనిమిదేళ్ళూ మా ఇంట్లో తుపాకీ లేదు. తుపాకీ లైసెన్సు మాత్రం ఉండేది. మదీనత్ ఖలీఫాలో మేం అద్దెకున్న విల్లా వాటాలో, హాలు మూలన పూజకని పెట్టుకున్న చెక్క అల్మరా పై అరలో, దేవుడి పటాల పక్కన, ఎర్రగుడ్డలో చుట్టి ఉండేది. ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా మంచినీళ్ళిచ్చి, క్షేమసమాచారాలు అడిగి, కాసేపాగి ఆ పుస్తకం చూపించేదాన్ని. మా ఆయన తల పట్టుకునేవాడు. అందరి ఆడవాళ్ళూ సూక్‌లో కొన్న గాజులు చూపిస్తారు, నీకిదేం పిచ్చే అనేవాడు. ఎవరి గొప్ప వాళ్ళది. నా ఫొటో, నా పేరు, వాటి మీద సర్కారు ముద్ర, కింద పంట రక్షణ నిమిత్తం అన్న మాట. గాజుల మీద అవేవీ ఉండవు కదా.

ఆ లైసెన్సు తాలూకు తుపాకీ మా నాన్నది. నల్లమల అడవి అంచున మా ఊరు. అన్నీ మెట్టపొలాలు, వేరుశనగ, కంది. కాయ ఊరే రోజుల్లో అడవిపందులు మందగా దిగి ఒక్క పూటలో ఎకరం చేను తిరగదోడి పోయేవి. అందుకని మా తాత కాలంలోనే రెండు గొట్టాల తుపాకీకి అనుమతి వచ్చింది. తాత నుంచి నాన్నకి, నాన్న నుంచి నాకు. నాన్నకి నేనొక్కదాన్నే. మగపిల్లవాడు లేడని ఆయన బాధపడినట్టు నాకెప్పుడూ కనపడలేదు. పదమూడో ఏట నన్ను చేలో మంచె ఎక్కించి, తుపాకీ చేతికిచ్చి, ముందు పేల్చడం కాదు, మడవడం నేర్పాడు. గొట్టాలు మడిచి, లోపల తూటా ఉందో లేదో కళ్ళారా చూసుకోవాలి. ఖాళీ అని ఎవరు చెప్పినా నమ్మకూడదు, తను చెప్పినా సరే అనేవాడు. నా జన్మలో నేను కాల్చింది ఆరేడు తూటాలు, అవీ గాల్లోకి. పందులు పారిపోయేవి, రెండు రోజులాగి మళ్ళీ వచ్చేవి.

నాకు బాగా గుర్తున్నది మాత్రం తుపాకీ చప్పుడు కాదు, దానికి పట్టించే నూనె వాసన. మామూలు రోజుల్లో తుపాకీ వసారాలో నాన్న వాలుకుర్చీ వెనక, గోడకి కొట్టిన రెండు మేకుల మీద ఉండేది. కాయ పీకుడు అయిపోయి, కూలీలంతా తమ వాటా కొలిపించుకోవడానికి ఇంటికి వచ్చే రోజున, నాన్న పొద్దున్నే దాన్ని కిందికి దించేవాడు. ఒళ్ళో పెట్టుకుని, పాత పంచె చింపిన గుడ్డతో, చిన్న గాజు సీసాలోని నూనెతో నెమ్మదిగా తుడిచేవాడు. ఆ రోజు మా ఇల్లు తిరునాళ్ళలా ఉండేది. వాకిట్లో కాయ రాశులు, పచ్చి మట్టి వాసన, కుంచాలు, గోతాలు, వాకిలి నిండా జనం. అంతమంది ముందర నాన్న ఆ గుడ్డ నా చేతికిచ్చి గొట్టాల చివర నన్ను తుడవమనేవాడు. ఊళ్ళో నా అంత గొప్పది లేదనిపించేది. పెద్దయ్యాక ఎన్నోసార్లు, ఆ వాసన కోసమే కుట్టుమిషను నూనె సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

నేను డిగ్రీ చదువుతుండగా నాన్న పోయాడు. పొలం చూసుకునే మా చిన్నాన్నకి తుపాకీ చప్పుడంటేనే గుండె దడ. అందుకని వారసురాలిగా నేనే అర్జీ పెట్టుకున్నాను. ఆడపిల్లవి నీకెందుకమ్మా అని ఆఫీసులో అడిగితే, పందులకి ఆడా మగా తేడా తెలియదండీ అన్నాను. వాళ్ళు నవ్వి రాసేశారు. పెళ్ళయి దోహా వచ్చేముందు తుపాకీని టౌన్లో తుపాకుల షాపులో అప్పగించాం. ఊళ్ళో ఉండని వాళ్ళు అట్లాగే భద్రానికి ఇచ్చి పోతారు. షాపాయన ఆ సంగతి పుస్తకంలో రాసి, ముద్ర కొట్టి, పుస్తకం నాకిచ్చాడు. దాన్ని చిన్నాన్న దగ్గర ఉంచి రావలసింది. నేను సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చేసుకున్నాను. ఎందుకంటే, దసరాకి ఆయుధపూజ రోజున తుపాకీకి బొట్టు పెట్టడం మా ఇంట్లో తాత నాటి నుంచీ ఉంది. తుపాకీ తేలేను కాబట్టి పుస్తకానికైనా బొట్టు పెట్టుకుందామని నా ఆలోచన. ఇంత తెలివి మా వంశంలోనే ఉంటుంది.

దోహా విమానాశ్రయంలో కస్టమ్స్ అతను సూట్‌కేసు తెరిచాడు. గోంగూర పచ్చడి, కందిపొడి, అప్పడాల కర్ర చూసి ఊరుకున్నాడు. పుస్తకం చేతిలోకి తీసుకుని ఇదేమిటన్నాడు. మా ఆయన ఇంగ్లీషులో ఏదో నసుగుతున్నాడు. నేనే చొరవ తీసుకుని బందూక్ అన్నాను. ఆ మాట వాళ్ళ అరబ్బీలోనూ ఇంచుమించు అదేనని నాకేం తెలుసు. అతని మొహంలో నవ్వు పోయింది. ఇంకో ఇద్దరు వచ్చారు. మూడు సూట్‌కేసులూ బల్ల మీద బోర్లించారు. అప్పడాల కర్రని ఒకతను వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి నెరిసిన గడ్డం ఆయనొకడు వచ్చి, పుస్తకమంతా తిరగేసి, తుపాకీ ఇండియాలో, కాగితం ఇక్కడా అని రెండుసార్లు అడిగి, తల పంకించి, యల్లా మేడం, ఇక వెళ్ళండి అని పంపించేశాడు. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కానీ ఆ దసరాకి పుస్తకాన్ని పీట మీద పెట్టి, పక్కన ఆయన కారు తాళాలు, కరెంటు పనికి వాడే టెస్టరు, నా కత్తిపీట, మిక్సీ పెట్టి, అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టాను. పసుపు తడి కొంచెం ఎక్కువై పుస్తకం అట్ట మీద చెరగని మరక పడింది. ఆ తరవాత ప్రతి దసరాకీ ఒక మరక. మూడేళ్ళకోసారి సెలవుల్లో వెళ్ళి లైసెన్సు పొడిగించుకునేటప్పుడు గుమాస్తా ఆ మరకలు చూసి, ఇది లైసెన్సా, పెళ్ళి శుభలేఖా అని అడిగేవాడు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజులు ఎంత తేలిగ్గా గడిచాయో అనిపిస్తుంది. కిటికీ ఏసీ రొద లేనిదే నిద్ర పట్టేది కాదు. ఎండాకాలం పైన ట్యాంకులో నీళ్ళు మరిగిపోయి, చన్నీళ్ళ కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళు వచ్చేవి. ఉత్తరాలు ఇంటికి రావు, మా ఆయన కంపెనీ పోస్టుబాక్సుకి వచ్చేవి. సాయంత్రం ఆయన కారు దిగగానే మొహం కంటే ముందు చేతులు చూసేదాన్ని. వాకిలి తలుపు గడియ వేసుకున్న గుర్తే లేదు.

మా వాటాకీ ఇంటి యజమాని వాటాకీ మధ్య గోడ, గోడకి చిన్న తలుపు ఉండేవి. ఆయన కతారీ, అరవై దాటిన మనిషి. చలికాలం రాగానే డేగని తీసుకుని, బండి వేసుకుని, నాలుగైదు రోజులు ఎడారికి పోయేవాడు. ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే గోడ అవతలి నుంచి వాసన వచ్చింది. నాన్న సీసా వాసనే. చేతిలో బట్ట అట్లాగే వదిలేసి తలుపు తోసుకుని వెళ్ళాను. ముంగిట్లో చాప మీద యజమాని కూర్చుని వేట తుపాకీ తుడుచుకుంటున్నాడు, పక్కన ఆయన భార్య గహ్వా కాఫీ పోస్తోంది. నా చూపు చూసి ఆయనకి తమాషా అనిపించిందేమో, కావాలా అన్నట్టు తుపాకీ చాచాడు. నేను అందుకుని ముందు మడిచి, రెండు గొట్టాల్లోకీ చూసి, ఖాళీ అని నిర్ధారణ చేసుకుని అప్పుడు తిరిగిచ్చాను. ముసలాయన కళ్ళు పెద్దవి చేసి, భార్యతో ఏదో అని, పడీ పడీ నవ్వాడు. తరవాత లోపలికెళ్ళి తన అనుమతి కాగితం తెచ్చి చూపించాడు. తుపాకీ నంబరు, ముద్ర, అన్నీ ఉన్నాయి. తనకొచ్చిన హిందీలో, "కాగజ్ మాఫీ, బందూక్ మాఫీ" అన్నాడు. మాఫీ అంటే అక్కడ లేదని, కాగితం లేకపోతే తుపాకీ లేదన్నమాట. నేనూ పరుగెత్తుకెళ్ళి నా పసుపు మరకల పుస్తకం తెచ్చి చూపించాను. ఆ రోజు నాకు నాన్నతో మాట్లాడినట్టనిపించింది. ఇంటికొచ్చి కాసేపు ఏడ్చాను కూడా.

శుక్రవారాలు మా ఇంట్లో భోజనాలు. మా ఆయన స్నేహితులిద్దరు తప్పకుండా వచ్చేవాళ్ళు. ఒకాయన విజయవాడ మనిషి, అల్ ముంతజాలో ఉండేవాడు, కంపెనీలో డిజైన్లు గీస్తాడు, మాటలో ప్రాస దొరికితే న్యాయం దొరికినట్టే మురిసిపోతాడు. ఇంకొకాయన హైదరాబాదీ, అకౌంట్స్ ఆఫీసరు. వాళ్ళ నాన్న వకీలు, అందుకని ఈయన అన్నం కలుపుకునేటప్పుడు కూడా పాయింట్లు చెబుతాడు. మూడో మనిషి భోజనానికని కాదు, చేపలు ఇవ్వడానికి వచ్చేవాడు. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి మా ఆయన కంపెనీ సైటులో పనిచేసేవాడు. లేబర్ క్యాంప్ వాళ్ళతో కలిసి పొద్దున్నే అల్ వక్రా రేవుకి పోయి, మాకోసం మంచి హమూర్ చేప ఒకటి ఏరి తెచ్చేవాడు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దవాడే అయినా అక్కా అనేవాడు.

హాల్లోకి వచ్చి కూర్చోమంటే వచ్చేవాడు కాదు. వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చునేవాడు. అక్కడి నుంచి చూస్తే ఎదురుగా పూజ అల్మరా. చేపల పులుసు పెడితే తల వంచుకుని తిని, "మంచిగున్నదక్కా" అని నాకు మాత్రమే వినపడేంత చిన్నగా అనేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు అతనికీ పుస్తకం చూపించాను. చెయ్యి తడిగా ఉందని చేతులు వెనక్కి పెట్టుకుని దూరం నుంచే చూశాడు. ఎంత అణకువ, ఎంత మర్యాద అని అందరితో చెప్పుకునేదాన్ని.

అట్లా ఉండగా ఒకరోజు మా ఆయన చేతిలో చిన్నాన్న ఉత్తరం కనపడింది. లోపల ఒక నోటీసు నకలు. అడవి అంచు ఊళ్ళలోకి ఆయుధాలున్న మనుషులు వచ్చి, లైసెన్సు తుపాకులున్న ఇళ్ళు వెతుక్కుంటూ వాటిని తీసుకుపోతున్నారు. అందువల్ల ఆ ఊళ్ళ లైసెన్సుదారులంతా తుపాకులు సర్కారుకి అప్పగించాలి. అభ్యంతరం ఉంటే రెండు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పుకోవాలి, ఏది చేసినా లైసెన్సు పుస్తకం జత చేయాలి. చిన్నాన్న కింద రెండు వాక్యాలు రాశాడు. తుపాకీ నీది, నీ ఇష్టం తల్లీ. పుస్తకం మాత్రం వెంటనే పంపు, లేకపోతే రెంటికీ చెడతాం.

నాన్నవి నా దగ్గర మిగిలినవి ఎన్ని గనక. పంచెలు పంచేశాం, వాలుకుర్చీ చెదలు పట్టింది. ఆ తుపాకీ పోతే, గొట్టం చివర గుడ్డ పట్టుకుని నిలబడ్డ పిల్ల కూడా పోయినట్టే అనిపించింది.

ఆ శుక్రవారం నుంచి మూడు శుక్రవారాలు మా హాలు అసెంబ్లీ అయిపోయింది. విజయవాడ ఆయన తుపాకీ ఇంట్లో ఉంటే రక్షణ కాదండీ, ఆకర్షణ అన్నాడు. ప్రాస కుదిరిందని ఆ మాట మూడు వారాలూ వాడాడు. పౌరుల దగ్గర తుపాకులే ఉండకూడదట, దోహాలో తలుపులు తీసుకుని పడుకుంటున్నాం, మనలో ఎవరికి తుపాకీ ఉందని అడిగాడు. హైదరాబాదీ ఒప్పుకోలేదు. పక్కింటి ముసలాయనకి ఉందిగా, ఆయన వల్ల ఎవరికి నష్టం అన్నాడు. దరఖాస్తు పెట్టుకున్నాం, మీరే విచారించారు, మీరే ముద్ర కొట్టారు, ఇంకెవడో తప్పు చేస్తే చట్టం ప్రకారం నడిచేవాడి తుపాకీ లాక్కోవడం ఏం పద్ధతని వాదించాడు. చట్టం ఇచ్చింది చట్టం తీసుకోవచ్చని విజయవాడ ఆయన. ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరి మొహం చూసి ఇచ్చినట్టే తీసుకునేటప్పుడూ చూడాలని హైదరాబాదీ. మా ఆయన ఇద్దరికీ తలాడించేవాడు.

తుపాకీ నాది. లైసెన్సు నాది. పెరుగు వడ్డిస్తూ నిలబడ్డది నేను. ఒక్కరు కూడా నువ్వేమంటావని నన్నడగలేదు. మూడో శుక్రవారం పెరుగు గిన్నె ఠపీమని కింద పెట్టి, మీలో ఒక్కరైనా తుపాకీ చేత్తో పట్టుకున్నారా అని అడిగాను. ముగ్గురూ లేదన్నారు. అయితే నేను అభ్యంతరం రాస్తున్నాను, ఇంగ్లీషు దిద్దేవాళ్ళుంటే దిద్దండి అన్నాను. హైదరాబాదీ సంబరంగా పెన్ను తీశాడు.

నిజానికి మా కేసు గట్టిది. తుపాకీ ఊళ్ళోనే లేదు, టౌన్లో షాపు ఇనప బీరువాలో ఉంది కాబట్టి అడవిలోంచి వచ్చి ఎవరూ ఎత్తుకుపోలేరు. పందుల బెడద అట్లాగే ఉంది. మూడు తరాల్లో మా మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఈ మూడూ హైదరాబాదీ చక్కగా రాశాడు. నాలుగోది నేను పట్టుబట్టి చేర్పించాను. మా నాన్న తుపాకీ ఏనాడూ మనిషి వైపు తిరగలేదు. విజయవాడ ఆయన కూడా అది బాగుందండీ అన్నాడు.

పంపడం ఎట్లా అన్నది మిగిలింది. పోస్టులో పోతే మళ్ళీ దొరకదని భయం. జగిత్యాల అతను మరుసటి వారమే సెలవు మీద హైదరాబాదుకి పోతున్నాడు. అక్కడ దిగగానే రిజిస్టర్డ్ పోస్టు చేస్తే రెండో రోజుకి చిన్నాన్న చేతిలో ఉంటుంది. ఇంతకంటే మంచి ఉపాయం లేదనుకుని, అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లోకి వెళ్ళి, అర్జీ, ఎర్రగుడ్డలోని పుస్తకం అతని ముందు పెట్టాను. అతను పీట మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"వద్దక్కా. ఏమనుకోకు. నీ చేతిల ఉంటె అది పుస్తకం. నా చేతిల ఉంటె కేసు."

నాకు అర్థం కాలేదు. వాళ్ళ పక్క దుబాయి నుంచి, అంటే గల్ఫ్‌లో ఎక్కణ్ణుంచైనా సరే, వచ్చినవాడి సంచీ ఊళ్ళో అందరూ చూస్తారట, పోలీసులూ చూస్తారు, అడవిలోంచి వచ్చేవాళ్ళూ చూస్తారు, తుపాకీ బుక్కు కనపడితే ఇద్దరికీ జవాబు చెప్పుకోవాలట. ఊరికి పోకముందే హైదరాబాదులో పోస్టు చేసెయ్యొచ్చు కదా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. అన్నేళ్ళలో నేను అడిగిన పని అతను కాదన్నది అదే మొదటిసారి. నాకు కోపం ఆగలేదు. ఇదేమన్నా దొంగ తుపాకీయా, ఎట్లాంటి తుపాకీయో తెలుసా నీకు అని, అర్జీ విప్పి నాలుగు పాయింట్లూ తెలుగులో చదివి వినిపించాను. నాలుగోది రెండుసార్లు చదివాను.

అతను అంతా విన్నాడు. తరవాత మెల్లగా, కూలీలు ఇంటికొచ్చినప్పుడు తుపాకీ ఎక్కడ ఉండేదక్కా అని అడిగాడు.

ఎక్కడేమిటి, ఆ రోజున నాన్న ఒళ్ళోనే ఉండేది, నూనె పట్టేవాడు, నేనే గొట్టాలు తుడిచేదాన్ని అని ఇంకా కోపంగానే చెప్పాను. చెబుతూ చెబుతూ ఆగిపోయాను.

"మా దొర తుపాకి గూడ ఎన్నడు ఎవ్వల మీదికి లేవలే అక్కా. గోడకే ఉండె. మేమే దాని దిక్కు సూసుకుంట మెల్లగ మాట్లాడుతుంటిమి."

అంతే అన్నాడు. గిన్నె కడిగి బోర్లించి, పోయొస్తనక్కా అని వెళ్ళిపోయాడు. నేను గడప మీద, అతను కూర్చునే చోటే కూర్చుండిపోయాను. అక్కడి నుంచి చూస్తే పూజ అల్మరా పై అర తిన్నగా కళ్ళలోకి వస్తుంది. ఇన్నేళ్ళూ నేనెప్పుడూ అక్కడ కూర్చోలేదు.

మా కూలీల్లో ముఠామేస్త్రి ఒకావిడ ఉండేది. చేలో ఆమె పాట ఎత్తుకుంటే పక్కూరికి వినపడేది. ఎవరైనా పని ఎగ్గొడితే ఆమె తిట్టే తిట్లకి మేమంతా చెట్టు చాటున దాక్కుని నవ్వుకునేవాళ్ళం. కొలత రోజున అదే మనిషి మా వసారా మెట్ల కింద చేతులు కట్టుకుని, కుంచం తక్కువ పడుతోందయ్యా, ఈ ఏడన్నా ఒకటి ఎక్కువ కొలిపించండయ్యా అని గుసగుసగా అడిగేది. నాన్న గుడ్డతో గొట్టం తుడుస్తూనే చూద్దాంలే అనేవాడు. ఆమె ఇంకో మాట అనేది కాదు. నేను అది మర్యాద అనుకున్నాను. ఏడాదంతా గోడకున్న తుపాకీ ఆ ఒక్కరోజే ఎందుకు కిందికి దిగేదో నేనెప్పుడూ ఆలోచించలేదు. గొట్టాల చివర తుడుస్తున్నానంటే, ఆ చివర ఎటు తిరిగి ఉండేదో కూడా.

నాన్న కావాలనే చేశాడో, తీరిక దొరికిన రోజని చేశాడో నాకు తెలియదు. అడగటానికి ఆయన లేడు. నాన్న చెడ్డవాడని నేను ఇప్పటికీ అనుకోను. నన్ను మంచె ఎక్కించిన చెయ్యి అది. కానీ ఆ నాలుగో వాక్యం మళ్ళీ చదవబోతే నాకు సిగ్గేసింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత సిగ్గు. వాక్యం కొట్టేశాను. కొట్టేశాక మిగిలిన మూడూ నిజమే, చట్టం ముందు నిలబడేవే. అయినా వాటి కింద సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు.

అభ్యంతరం పంపలేదు. అప్పగిస్తున్నానని రెండు వాక్యాలు రాసి పుస్తకానికి జత చేశాను. హైదరాబాదీ రెండు వారాలు నాతో ముభావంగా ఉన్నాడు, గెలిచే కేసు పాడుచేశానట. విజయవాడ ఆయన తన వాదనే నెగ్గిందని మురిసిపోతే, మీరేం నెగ్గలేదు, భోజనం చెయ్యండి అన్నాను. ఎందుకో ఇద్దరికీ చెప్పలేదు, మా ఆయనకి చెప్పాను. ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పుస్తకాన్ని చివరికి తీసుకుపోయింది విజయవాడ ఆయనే, పండక్కి ఊరెళ్తూ. చేతిసంచీలో పైపైనే పెట్టుకుని వెళ్ళాడు. రెండు విమానాశ్రయాల్లోనూ, రైల్లోనూ, ఎవరూ ఆయన్ని ఏమిటిదని కూడా అడగలేదట. జగిత్యాల అతను చెప్పిన మాట అప్పుడు పూర్తిగా అర్థమైంది.

రెండు నెలలకి చిన్నాన్న రాశాడు. తుపాకీ అప్పగించాం, రసీదు ఇచ్చారు, పందులు మామూలుగానే వస్తున్నాయి. ఆ రోజు పూజ అల్మరా పై అర తుడుద్దామని చూస్తే, చెక్క మీద పుస్తకం ఉన్నంత మేర ఒక పసుపు చారిక. ఎంత రుద్దినా పోలేదు, అట్లాగే వదిలేశాను.

ఆ తరవాతి శుక్రవారమో, పై శుక్రవారమో, సెలవు నుంచి తిరిగొచ్చిన జగిత్యాల అతను హమూర్ పట్టుకుని వచ్చాడు. గడప దగ్గర పీట వేసుకోబోయి, అల్మరా వైపు చూసి ఆగాడు. పుస్తకమేదక్కా అని అడిగాడు. ఇచ్చేశానన్నాను. హాల్లో కూర్చుని తిను అని ఎప్పుడూ అన్నట్టే అన్నాను. కాసేపు తటపటాయించి, వెళ్ళి విజయవాడ ఆయన పక్కన కుర్చీలో కూర్చున్నాడు. పులుసు వడ్డించి నేను వంటింట్లోకి వచ్చేశాను. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, హాల్లోంచి అతని గొంతు వినపడింది. సైటు మీద ఈ చివర నుంచి ఆ చివరికి కేకేసే గొంతు. మా ఇంట్లో నేనెన్నడూ వినని గొంతు.

"అక్కా, పులుసుల చింతపండు ఎక్కువైంది. ఇయ్యాల్నే గాదు, ఎన్నడు ఎక్కువనే ఏస్తవు."